ఇంటివాళ్ళ వరస

"పాస్‌పోర్టులు ఇటివ్వు. నీ దగ్గరుంటే ఏ మిరపపొడి పొట్లంలోనో కలిపేస్తావు," అన్నాడు ఒటెంగ్. అప్పుడు నేను సూట్‌కేసు మీద మోకాలు పెట్టి జిప్పు లాగుతున్నాను. ఆ సూట్‌కేసులో అతని అక్కకి తువాళ్ళు, తమ్ముడికి బూట్లు, మేనల్లుళ్ళందరికీ చొక్కాలు ఉన్నాయి. నావి రెండు జతల బట్టలు ఓ మూల నక్కి ఉన్నాయి. కొన్నది నేను, మడతపెట్టింది నేను, బరువు ఎక్కువైందని సగం తీసి మళ్ళీ సర్దింది నేను. మా ఆయన చేసిన పనల్లా రెండు బ్రిటిష్ పాస్‌పోర్టులూ నడుముకు కట్టుకునే సంచిలో పెట్టుకుని, ఆ సంచిని ఓసారి తట్టుకోవడం. లండన్‌లో కాపురం పెట్టినప్పటినుంచీ నా పాస్‌పోర్టు అతని నడుము మీదే ఉంది.

మనిషి చెడ్డవాడు కాడు. ఏనాడూ చెయ్యెత్తలేదు, తాగి రాలేదు. చెడ్డవాడైతే బాగుండేదేమో, ఎవరితోనైనా చెప్పుకుందుకు వీలుండేది. "సెర్వాకేం, అదృష్టవంతురాలు" అంటారు అందరూ. మా ఊళ్ళవాళ్ళు లండన్‌లో పెట్టుకున్న సంఘానికి అతను అధ్యక్షుడు. ఏటా విందు జరుగుతుంది. రెండు వందలమందికి టమాటాలతో ఎర్రగా వండే జొలోఫ్ అన్నం, చేపల పులుసు, వేయించిన అరటిపళ్ళు. అవన్నీ నేను రెండు రోజుల ముందునుంచీ నిలబడి వండుతాను. చివర్లో చప్పట్లు అధ్యక్షుడికి కొడతారు. ఒకసారి ఎవరో "వంట అదిరింది" అంటే, "అంతా మనవాళ్ళే కదా, కలిసి చేసుకున్నాం" అన్నాడు. కలిసి! ఉల్లిపాయ ఎక్కడుంటుందో కూడా తెలీని మనిషి.

నేను పనిచేసేది వృద్ధాశ్రమంలో. తెల్లముసలమ్మలకు స్నానాలు చేయిస్తాను, గోళ్ళు తీస్తాను, అన్నం తినిపిస్తాను. అక్కడ నా పేరు సారా. సెర్వా అనడానికి నోరు తిరగదని మొదటి వారమే మేనేజరమ్మ మార్చేసింది. నోరు తిరగకపోవడమేమిటి, రెండక్షరాలు! ఇరవై ఏళ్ళుగా సారా అంటే పలుకుతున్నాను. ఇంట్లో "ఏమేవ్" అంటే పలుకుతున్నాను. నా పేరుతో నన్ను పిలిచే నోళ్ళన్నీ సముద్రానికి అవతల, ఘనాలో, మా ఊరు బెక్వాయ్‌లో ఉన్నాయి.

అక్కడి మా పుట్టిల్లు నా కళ్ళలో ఎప్పుడూ మెదులుతూనే ఉంటుంది. లండన్‌లో తెల్లవారుజామున మెలకువ వస్తే, ఈతపుల్లల చీపురుతో ఎవరో వాకిలి ఊడుస్తున్న చప్పుడు కోసం చెవులు రిక్కిస్తాను. మా అమ్మ ఊడ్చేది అలా, నడుము వంచి, ఒక చెయ్యి వీపు మీద పెట్టుకుని. ఇక్కడ వినబడేది గోడకున్న వేడి గొట్టం టక్కుటక్కుమనడమే. ఆ వాకిలి మధ్యలో నిలబడి గట్టిగా నా భాషలో ఎవరినైనా తిట్టాలని, నవ్వాలని, ఎర్రమట్టి అంటిన కాళ్ళు కడుక్కోవాలని ప్రాణం కొట్టుకుపోతుంది. కూతురు ఆఫ్రకోమాతో ఒకసారి అన్నాను, వెళ్ళి అక్కడే ఉండిపోవాలని ఉందే అని. నర్సు చదువు చదివిన పిల్ల, తెలివైన పిల్ల. "మరి నాన్న తిండి సంగతేంటమ్మా?" అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అమ్మ పోయినప్పుడు ఊరికి వెళ్ళాను, అప్పుడు జరిగిన అవమానం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అప్పటికి నా ఘనా పాస్‌పోర్టు గడువు ఎప్పుడో దాటిపోయింది. మార్పిద్దామంటే ఒటెంగ్, "బ్రిటిష్ పుస్తకం ఉండగా ఆ పచ్చ పుస్తకం దేనికే? కూరలో వేసుకోవడానికా?" అన్నాడు. తనదీ మార్చుకోలేదు, నాదీ మార్చనివ్వలేదు. అమ్మ శవం పెట్టెలో ఉంటే నేను వీసా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. అక్రా విమానాశ్రయంలో విదేశీయుల వరసలో నిలబడ్డాను. అక్కడి అధికారి నా పాస్‌పోర్టులో పుట్టిన ఊరు చదివి, "బెక్వాయా! వీసా తీసుకుని అమ్మ దగ్గరికొచ్చే కూతుర్ని నిన్నే చూస్తున్నానమ్మా," అని పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళుంటావని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఒటెంగ్ "రెండు వారాలు" అనేసి, అతనితో కలిసి నవ్వాడు. నా అమ్మ చావుకి నేనెన్నాళ్ళు ఏడవాలో కూడా అతనే చెప్పాడు.

ఈసారి ప్రయాణానికి కారణం బిరాగో పిన్ని ఫోను. పిన్ని మా ఇంటి ఆడపెద్ద. మాలో వంశం అమ్మ వైపునుంచి నడుస్తుంది. ఇంటి మగపెద్దని ఎంచాలన్నా, ఆడవాళ్ళ తగవు తీర్చాలన్నా, పుట్టిన బిడ్డ మనదేనని ఒప్పుకోవాలన్నా ఆడపెద్ద మాటే మాట. "కళ్ళు ఆనడం లేదే," అంది పిన్ని. "మోకాళ్ళు ఎప్పుడో చెయ్యిచ్చాయి. మీ మామయ్యతో సహా అందరూ నీ పేరే చెప్పారు. వచ్చి ఈ పీట మీద కూర్చుంటావా, లేకపోతే అక్కడి ముసలాళ్ళకే నీళ్ళు పోస్తుంటావా?"

నన్ను కావాలన్నారు! వండమని కాదు, తుడవమని కాదు. కూర్చోమని, మాట చెప్పమని. ఆ రాత్రి ఒటెంగ్‌తో చెబితే తెగ సంబరపడ్డాడు. "భేష్! వెళ్దాం. ఫొటోలు తీయించుకుందాం, సంఘం వాళ్ళకి చూపించొచ్చు. పీట మీద కూర్చోబెడతారు, వచ్చేద్దాం. తర్వాత పెద్దరికం ఫోన్లో చేసుకోవచ్చు."

"ఆడపెద్ద అంటే ఆ ఇంట్లో ఉండాలి. ఫోన్లో తగవులు తీరుస్తారా ఎవరైనా?" అన్నాను.

"పిచ్చిదానా, విందు నాటికి నువ్విక్కడ లేకపోతే వంటెవరు చేస్తారు?" అంటూ నా బ్రిటిష్ పాస్‌పోర్టు మీద వీసాకి అప్పుడే పెట్టేశాడు. రానూపోనూ టికెట్లు కూడా కొనేశాడు. నన్నో మాట అడగాలని తోచనే లేదు అతనికి.

నేనూ అతన్నో మాట అడగలేదు. సెలవు పెట్టి మా దేశపు దౌత్య కార్యాలయానికి వెళ్ళాను, ఒకసారి ద్వంద్వ పౌరసత్వం కార్డు కోసం, ఇంకోసారి పాస్‌పోర్టు కోసం. అక్కడ కౌంటర్ వెనక కూర్చున్నావిడ నిద్రమొహంతో ఉన్నా మంచిది. "రెండూ పెట్టుకుని తికమకపడేవాళ్ళే అందరూ," అంది ఆవులిస్తూ. "ఏ దేశంలో అడుగు పెడితే ఆ దేశం పుస్తకం చూపించు. అక్రాలో దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ పచ్చది. లండన్‌కొచ్చాక రెండోది. నీ ఇంటికి నువ్వు ఇంటి పిల్లలా వెళ్ళక, చుట్టంలా వెళ్తావేంటమ్మా?" అంత చిన్న మాట నాకింతకాలం ఎవరూ చెప్పలేదు. బస్సెక్కి, చేతికొచ్చిన ఆ కొత్త పాస్‌పోర్టుని తెరిచి, రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంటికొచ్చేదాకా మూయలేదు.

అక్రాలో విమానం దిగి హాల్లోకి వచ్చేసరికి జనం రెండు వరసలయ్యారు. ఒకటి మా దేశంవాళ్ళకీ, పక్కదేశాలవాళ్ళకీ. ఇంకోటి మిగతావాళ్ళకి. ఒటెంగ్ అలవాటుగా మిగతావాళ్ళ వరసలోకి నడిచాడు, మా ఇద్దరి పాస్‌పోర్టులూ విసనకర్రలా ఊపుకుంటూ. నా కాళ్ళు కూడా అటే రెండడుగులు వేశాయి. అలవాటు ఎంత చెడ్డదో! ఆగాను. చేతిసంచిలోంచి పచ్చ పాస్‌పోర్టు తీసి ఇటు తిరిగాను.

"ఏమేవ్! అటు కాదే, ఇటు! అటేం చేస్తున్నావ్?" అని కేకేశాడు. అందరూ చూశారు. నేను తల తిప్పలేదు. నా ముందు నెత్తిమీద మూటలాంటి తలపాగా చుట్టుకున్న ఒకావిడ వెనక్కి చూసి, "మీ ఆయనా? తప్పిపోయాడా పాపం?" అంది. "అవునమ్మా, తప్పిపోయాడు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కౌంటర్‌లో ఉన్నది నా కూతురి వయసు పిల్ల. పాస్‌పోర్టు తెరిచి, నా ముఖంలోకి చూసి, "సెర్వా న్యార్కో," అని చదివింది. తడబడలేదు. ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీసి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి. "చాలా కాలమైనట్టుందే అమ్మా, ఇంటికొచ్చి," అంది. నేనెన్నాళ్ళుంటానో అడుగుతుందని జవాబు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. ఎందుకొచ్చావనీ అడగలేదు. టక్కున ముద్ర వేసి, "ఆక్వాబా" అని నవ్వింది. రావమ్మా రా, అని. అంతే. గేటు దాటి, గోడవారగా నిలబడి, సిగ్గు లేకుండా భోరున ఏడ్చాను. ఆయన వెనక నిలబడకుండా నా అంతట నేను దాటిన మొదటి గేటు అది.

ఒటెంగ్ వరస చాలాసేపు కదలలేదు. చివరికి ముచ్చెమటలతో వచ్చాడు. వస్తూనే, "ఎంత పని చేశావే! నీ వీసా గంగలో కలిసింది. ఈ పుస్తకంలో ముద్ర పడలేదు. ఏ పుస్తకంతో వస్తే ఆ పుస్తకంతోనే పోవాలి, అది కూడా తెలీదు నీకు. వెళ్ళేటప్పుడు నిన్ను ఆపేస్తారు!" అన్నాడు.

"ఆపితే ఆగుతాను," అన్నాను.

పచ్చ పుస్తకం చూపించి వెళ్ళొచ్చని నాకు తెలుసు. నన్నెవరూ ఆపరు. ఆ సంగతి అతనితో చెప్పబుద్ధి కాలేదు. కారులో కుమాసి పట్నం దాకా అతను సంచిలోంచి పాస్‌పోర్టులు తీసి తిరగేసుకుంటూనే ఉన్నాడు. నేను కిటికీ అద్దం పూర్తిగా దించి, దారి పొడుగునా ఎర్రదుమ్ము మొహాన కొట్టించుకున్నాను. వంటచెరకు పొగ వాసన, కాల్చిన మొక్కజొన్న వాసన, వానకి తడిసిన మట్టి వాసన. ఇన్నేళ్ళూ నేను ఊపిరి బిగబట్టుకుని బతికాననిపించింది.

బెక్వాయ్‌లో ఇంటి వాకిట్లో అప్పటికే కుర్చీలు రెండు వైపులా వేసి ఉన్నాయి, ఇంటివాళ్ళవి ఇటు, వచ్చినవాళ్ళవి అటు. మధ్యలో బిరాగో పిన్ని పొట్టి పీట మీద, పక్కన అంపోన్సా మామయ్య. మా అమ్మకి తమ్ముడు, మా ఇంటి మగపెద్ద. ఒటెంగ్ అందరికీ కుడినుంచి ఎడమకి చేతులు కలుపుకుంటూ వెళ్ళి, అల్లుడు కాబట్టి అటువైపు కూర్చున్నాడు. పక్క కుర్చీ మీద అరచేత్తో తట్టి, "రా, కూర్చో" అన్నాడు. ప్రతిసారీ అక్కడే కూర్చున్నాను నేను. ఎందుకొచ్చామో, ఎప్పుడు వెళ్తామో ఇద్దరి తరఫునా అతనే చెప్పేవాడు. మా పుట్టింట్లో నేను మా ఆయనతో పాటు వచ్చిన చుట్టాన్ని.

వాకిలి మధ్యలో నిలబడిపోయాను. పిన్ని కళ్ళు చికిలించి నా వైపు చూసింది. కనబడిందో లేదో. "ఎవరది, సెర్వాయేనా? నిలబడ్డావేమే? నీ చోటెక్కడో నీకు తెలీదా, నేను చెయ్యి పట్టుకు నడిపించాలా?" అని కసిరింది.

వెళ్ళి పిన్ని పక్కన కూర్చున్నాను. ఒటెంగ్ అరచెయ్యి ఆ కుర్చీ మీదే ఉండిపోయింది.

"సెర్వా, నీ టికెట్..." అని మొదలుపెట్టాడు.

"ఉండవయ్యా అల్లుడూ, ముందు దాహం తీర్చుకో," అన్నాడు మామయ్య. నీళ్ళు వచ్చాయి. ఒటెంగ్ తాగాడు. మాలో బయటివాళ్ళకి నీళ్ళిచ్చాక, ఇంటివాళ్ళు ముందు తమ క్షేమం చెబుతారు, తర్వాత వచ్చిన పని అడుగుతారు. మా ఇంట్లో అడిగేది ఆడపెద్ద. పిన్ని గొంతు సవరించుకుని, దగ్గొచ్చి, ఆగిపోయి, నా మోచేతిని పొడిచింది. "నువ్వడుగు. ఇకనుంచి నీదేగా ఈ పని."

అందరూ నా వైపు చూశారు. ఒటెంగ్ కూడా చూశాడు, నన్ను కొత్తగా చూస్తున్నట్టు. అతని మీద నాకు కోపం లేదు. జాలి కూడా వేసింది, అంత దూరం ప్రయాణం చేసి అలిసిపోయిన మనిషి. వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

"ఇక్కడంతా చల్లగా ఉంది," అన్నాను. "దారినపడి వచ్చింది మీరే. ఏం పని మీద వచ్చారో చెప్పండి."