తొడగని స్లీవ్

పాతికేళ్లుగా ఫైబర్ కేబుళ్లు అతుకుతున్న మనిషికి ఇప్పుడు నోటి పరీక్షట! ఆఫీసంతా అతుకుల బాబాయ్ అని పిలిచే ఆయన, కూతురి వయసున్న పరీక్షకురాలి ముందు ఒదిగి కూర్చున్నాడు.

"అటెన్యుయేషన్ అంటే ఏంటండీ?"

దారిలో వెలుగు ఎంత తగ్గిందో బాబాయ్ రోజూ కొలిచేవాడే; దానికి ఆ పేరని మాత్రం గుర్తుకు రాలేదు. డిస్పర్షన్, అంటే వెలుగు చెదరడం, అడిగినా అదే తంతు. వెంట్రుకంత గాజు పోగును ఇట్టే అతికే చేతులు ఒళ్లో ముడుచుకుపోయాయి.

ఆమెకు జాలేసింది. "పోనీ, నేను అతికి చూపిస్తా. చూస్తూ ఉంటే మీకే గుర్తొస్తాయి," అంటూ పోగులు తుడిచి, కోసి, మిషన్లో పెట్టింది. అతుకు బ్రహ్మాండంగా కుదిరింది. తెర మీద వెలుగు నష్టం సున్నా.

తీరా చూస్తే స్లీవ్ బల్ల మీదే ఉంది. అతుకును కాపాడే ఆ సన్నని గొట్టాన్ని అతకకముందే పోగుకు ఎక్కించాలి. ఇప్పుడిక ఏ వైపు నుంచీ ఎక్కదు. బాబాయ్ ముందే చూశాడు గానీ, పరీక్ష పెట్టేవాళ్లకి మనం చెప్పడమేంటని నోరు నొక్కుకున్నాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. "ఈ తప్పుని ఏమంటారండీ?"

"దీనికెవరూ పేరు పెట్టలేదమ్మా. అందరం చేసేదే కదా."

బాబాయ్ అతుకు తుంచేసి, స్లీవ్ ఎక్కించి, పోగును మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు.