చెవిలో కాలువ

నీళ్ల చప్పుడు.

రాళ్ల మీద జారుతూ, మలుపు దగ్గర ఒకసారి గొంతు మార్చుకుని, మళ్లీ జారుతూ... ఎడమ చెవిలో నీళ్ల చప్పుడు.

సువైలిం కళ్లు తెరవకుండా పడుకుని వింటాడు. ఇది కొండ కడుపులోంచి ఊరికి వచ్చే ఫలజ్ కాలువ కాదు. ఆ కాలువకు వంతులున్నాయి. ఒక తోట తడిశాక ఇంకో తోటకు మళ్లుతుంది. ఈ నీళ్లకు వంతు లేదు. ఎముక లోపల పారుతుంటాయి. ఏ చెట్టు మొదలుకూ అందవు.

ఆ చప్పుడుతో పాటే ఒక అనుమానం. ఏళ్లుగా మోస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు, భార్య రాయాకు కూడా.

ఆ రోజు చెట్టు మీద నుంచి తనను దించింది ఈ చెవేనా...

లేక భయమా?

ఆ రోజు—

వరసకు అత్త అయ్యే జువైనా తోటలో అన్నిటికన్నా పొడుగైన ఖునైజీ ఖర్జూరపు చెట్టు. పండితే కాయ ఎర్రగా, ముదురు నెత్తురు రంగులో ఉంటుంది. ఆ చెట్టు ఎక్కగలవాడు అప్పుడు ఊళ్లో సువైలిం ఒక్కడే. అంతకు ముందు అతని తండ్రి ఎక్కేవాడు.

ఆడచెట్టు పూత విచ్చుకోగానే ఎవరో ఒకరు ఎక్కాలి. పోతుచెట్టు పూరెబ్బలు తీసుకెళ్లి ఆ పూత మధ్యలో పెట్టి కట్టాలి. కట్టకపోతే కాయ నిలవదు. గాలి చూసుకుంటుందిలే అని వదిలేసేవాళ్లు ఆ ఊళ్లో లేరు. కట్టినవాడికి కోతల్లో చెట్టుకో గెల ఇస్తారు. అదే కూలి.

ఆ ఏడు జువైనా కూలి ముందే ఇచ్చేసింది. సువైలిం కూతురి పెళ్లి. ఇంటి నిండా చుట్టాలు. "కోతల దాకా నీ చుట్టాలు ఆగుతారట్రా? తీసుకుపో" అని, దాచుకున్న పండ్లలోంచి ఒక గెల పండు బుట్టలో పోసి పంపింది. చుట్టాలు తిన్నారు. గింజలు మేకలకు వేశారు.

ఆ తరువాతే ఎక్కాడు.

నడుముకు మోకు. తలగుడ్డలో పోతుపూల కట్ట. పాదాలకు మట్టల మొదళ్లు, ఎప్పుడూ తెలిసినట్టే తెలుస్తున్నాయి. పైకి చేరాడు. పూతకు చెయ్యి చాచాడు.

ముందు చెవి మూసుకుపోయింది... ఎవరో తూములో పాతగుడ్డలు కుక్కినట్టు.

ఆ తరువాత నీళ్లు.

ఆ తరువాత కొండ కదిలింది.

చెట్టు నిలబడే ఉంది. కొండ ఒరిగింది. తోట లేచి ముఖం మీదికి వచ్చింది. ఆకాశం కాళ్ల కిందికి పోయింది. ఎటు కింద? ఎటు పైన? మొద్దును వాటేసుకున్నాడు. ముల్లు చెంపలో దిగింది. తలగుడ్డ విడిపోయింది. పోతుపూల పుప్పొడి పచ్చగా గాలిలో లేచి, ఏ పూతకూ అందకుండా పోయింది.

ఎలా దిగాడో తెలియదు.

కింద కక్కుకున్నాడు. గోడలు పట్టుకుని సందులో నడిచాడు. మసీదు ముందు, కాళ్లు కడుక్కునే చోట, బోర్లా పడ్డాడు. శుక్రవారం. ఊళ్లో మగవాళ్లంతా నమాజుకు వస్తున్నారు.

"ఏ చెట్టు రసం తాగావు సువైలిం?" అన్నాడు వాళ్లలో హమ్దాన్.

నవ్వుకే అన్నాడు. అందరూ నవ్వారు. లేవనెత్తారు కూడా, ఇంటి దాకా మోసుకొచ్చారు కూడా. కానీ ఆ మాట మసీదు ముందే ఆగిపోలేదు. సందు సందునా తిరిగింది. గుమ్మం గుమ్మం దగ్గరా ఆగింది. జీవితంలో చుక్క ముట్టనివాడి ఇంటి ముందు ఆడవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

అతను మంచం మీద నుంచి లేచేసరికి పూత ముదిరిపోయింది.

ఆ ఏడు ఖునైజీ చెట్టుకు కాయ నిలవలేదు.

కోపం అప్పుడు మొదలైంది.

పట్నంలో డాక్టరు కుర్రవాడు. మంచివాడే. చెవిలో దీపం పెట్టి చూశాడు. గాజు గదిలో కూర్చోబెట్టి చప్పుళ్లు వినిపించాడు. చివరికి కాగితం మీద నత్తగుల్ల లాంటి బొమ్మ గీసి, చెవి లోపలి గదిలో నీరు పెరిగిందని చెప్పాడు.

నీరు!

సువైలిం ఆ బొమ్మ వంక చూస్తూ ఉండిపోయాడు. ఊళ్లో కాలువ సన్నబడింది. నిమ్మచెట్లు ఎండిపోతున్నాయి. ఒక్క చిన్న వంతు కోసం అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. వాన కోసం ఊరంతా బయలు మీద నిలబడి చేతులు చాచి ఏడ్చింది.

ఆ అడిగిన నీళ్లు... ఇక్కడికా పంపించావు?

అలా అనుకుని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. దేవుణ్ని క్షమించమన్నాడు. అయినా ఆ ప్రశ్న పోలేదు. ఈనాటికీ పోలేదు.

"ఉప్పు తగ్గించండి. కాఫీ మానేయండి. మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది. అలవాటు చేసుకోండి" అన్నాడు డాక్టరు.

అలవాటు! చెప్పులు కొరికితే అలవాటవుతుంది. భూమి కాళ్ల కింద నుంచి తప్పుకోవడం ఎవరికి అలవాటవుతుంది?

ఉప్పు చేప మానేశాడు. కాఫీ మానేశాడు.

కాఫీ మానడమంటే ఏమిటో ఆ డాక్టరుకు తెలియదు. ఊరి కూడలి సావిట్లో కాఫీ చిన్న కప్పులో ఒకరి తరువాత ఒకరికి వస్తుంది. తాగి, చాలనుకుంటే కప్పు ఊపి ఇచ్చెయ్యాలి. అసలు తాగకుండా చెయ్యి అడ్డం పెట్టినవాడు కోపంతో వచ్చినట్టు లెక్క. మనసులో ఏదో పెట్టుకున్నట్టు లెక్క.

మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టినప్పుడు సావిట్లో అందరూ అతని వైపు తిరిగారు.

"ఏంటి అబూ నాసిర్, ఎవరి మీద అలక?" కొడుకు పేరుతో సువైలింను పిలిచి అడిగారెవరో.

"డాక్టరు వద్దన్నాడు."

"కాఫీ వద్దన్నాడా! మరి దేనికి ఒప్పుకున్నాడో?" హమ్దాన్ గొంతు. కుడివైపు నుంచి. స్పష్టంగా వినిపించింది.

వినకూడనివే వినిపిస్తాయి. వినవలసినవి ఎడమవైపు నుంచి వస్తాయి.

ఆ తరువాత సావిడికి వెళ్లడం తగ్గించాడు. మనవరాలు ఎడమవైపు కూర్చుని ఏదో చెబుతుంది. తల ఊపుతాడు. "తాతా, నేను అడిగింది నువ్వు వినలేదు" అని లేచి పోతుంది. రాయా ముఖం మీద అరిచి మాట్లాడుతుంది. జాలిగా అరుస్తుంది. ఆ జాలి మీద కోపం. అరవకపోతే వినపడదు... దాని మీద కోపం.

నమాజులో కోపం రాకూడదు.

సజ్దాకు వంగినప్పుడు, నుదురు నేలకు ఆనగానే, నేల గోడ అవుతుంది. గోడకు అతుక్కున్న బల్లిలా వేళ్లతో చాపను పట్టుకుంటాడు. ఒక రోజు వరసలో పక్కవాడి మీదికి ఒరిగిపోయాడు. పెద్దలు స్టూలు తెచ్చి స్తంభం పక్కన వేశారు. కూర్చునే చేసుకో, ఆయన అన్నీ వినేవాడు, నీ నమాజు అందుతుంది, అన్నారు.

అన్నీ వినేవాడు.

అయితే ఈ చప్పుడు కూడా వింటున్నాడా? పగలూ రాత్రీ నా ఎముకలో పారే ఈ నీళ్లను నాతో పాటు ఆయనా వింటున్నాడా? వింటూ ఊరుకున్నాడా?

స్టూలు మీద కూర్చుని అడుగుతాడు. మెల్లగా అడుగుతాడు. జవాబు ఏ చెవిలో చెబుతాడో తెలియక, తల రెండు వైపులకూ తిప్పి సలాం చెప్పి ముగిస్తాడు.

మరుసటి ఏడు హమ్దాన్ తెగించి ఖునైజీ చెట్టు ఎక్కాడు. కాయ బాగా నిలిచింది. అదీ కోపమే.

జువైనా మాత్రం ముందే ఇచ్చిన ఆ కూలి గురించి ఎన్నడూ అడగలేదు.

అడిగి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. సువైలిం తనే వెళ్లాడు. తన తోటలోంచి మంచి పండు ఒక గెల మోసుకెళ్లి గుమ్మంలో పెట్టాడు. ఆవిడ వెనక్కి పంపేసింది.

"నా ఇంట్లో పండు లేక ఏడుస్తున్నానా? ఆ బాకీ ఎప్పుడో మాఫీ చేశాను, పోరా."

"నాకు మాఫీ వద్దత్తా. నేను తీసుకున్నది పూత కట్టడానికి. కట్టలేదు."

"కట్టలేకపోయావు."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదురా మొండివాడా" అంది జువైనా. తలుపు వేసుకుంది.

రెండూ ఒకటి కాదా? చెవి అయితే కట్టలేకపోయాడు. భయం అయితే కట్టలేదు. ఆవిడకెలా తెలుసు? తనకే తెలియదే!

బాకీతో కళ్లు మూయకూడదు. పెళ్లిలో చుట్టాలు తిన్న ఆ తీపి మీద, మసీదు ముందు పడిన ఆ మాట మీద, మట్టి కప్పించుకోకూడదు.

ఇక చెట్టు ఎక్కలేడు. ప్రయత్నించకపోలేదు. మోకు కట్టుకుని మనిషి ఎత్తు ఎక్కేసరికి చెవి మూసుకుంది. మోకు విప్పి కొట్టంలో మేకుకు తగిలించాడు. దాని వంక చూడడం మానేశాడు.

చెట్టు దగ్గరికి తను వెళ్లలేడు. అయితే...

చెట్టునే కిందికి తెస్తే?

తన తోటలోని ఖునైజీ మొదట్లో ఒక పిలక ఉంది. గునపంతో తవ్వి, వేరు తెగకుండా విడదీసి, తడి గోనెలో చుట్టాడు. జువైనా తోటలో, ఆ పొడుగు చెట్టు నీడ పడని చోట గొయ్యి తీసి నాటాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

తన వంతు నీళ్లలోంచి రోజూ బిందెడు మోసుకొచ్చి పోశాడు. తల తిరిగిన రోజు గోడ పట్టుకుని వచ్చాడు. దారిలో సగం ఒలికిపోయేవి. "చూడండి, బిందె కూడా తూలుతోంది" అని ఎవరో అన్నారు. విన్నాడు. బిందె దించలేదు.

మొదటి ఎండాకాలం ఆకులన్నీ మాడిపోయాయి. పోయిందనుకున్నాడు. గుండె ఆకు పచ్చగానే ఉంది. పిలక నిలిచింది. ఏటా కొన్ని మట్టలు వేసింది. జువైనా నడుం వంగింది. చెట్టు నడుం ఎత్తుకు వచ్చింది.

ఆగాడు. పూత వచ్చేదాకా కోపంతో ఆగాడు.

ఈ వసంతంలో మట్టల సందులోంచి ఒక పొత్తి బయటికి వచ్చింది. పగిలింది. లోపల తెల్లని పూత.

మొదటి పూత.

పొద్దున్నే వెళ్లాడు. పోతుపూల రెబ్బలు తలగుడ్డలో చుట్టుకుని. మోకు లేకుండా.

జువైనా ముక్కాలి పీట తెచ్చి వేసుకుని కూర్చుంది. ఆవిడకు ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు.

"ఒరేయ్, పడితే అటు పడు. నా మీద పడకు. నీ బరువు మొయ్యడానికి నా ఎముకలకు ఓపిక లేదు."

"పడను."

"పోయిన వారం మళ్లీ దేవుడి గుమ్మంలో కూడా పడ్డావట. ఇక్కడ పడవా?"

అతనికి నవ్వు రాలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముళ్ల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టాడు. పూత చల్లగా ఉంది. పిండి వాసన.

చెవి మూసుకుంది.

పాతగుడ్డలు. తూము. నీళ్లు—

కొండ కదిలింది.

ఇక్కడ ఎత్తు లేదు. పడడానికి చోటు లేదు. మోకాళ్ల కింద నేల ఉంది. అయినా కొండ ఒరిగింది, తోట లేచింది, ఆకాశం కాళ్ల కిందికి పోయింది. అయితే ఆ రోజు చెవే! చెవే!

అయినా భయం వేసింది.

నేల మీద కూర్చుని కూడా, చంటిపిల్లవాడిలా, ప్రాణం పోతుందన్నంత భయం వేసింది.

ఎడమ చేత్తో మొద్దు పట్టుకున్నాడు. ముల్లు అరచేతిలో దిగింది. దిగనీ. నుదురు మట్టకు ఆనించాడు. ఏళ్ల తరువాత మోకాళ్ల మీద అలా వంగాడు. పళ్లు బిగించి, ఎవరినని తెలియకుండా తిట్టాడు. చెవిని, కొండను, హమ్దాన్ నోటిని, నత్తగుల్ల బొమ్మను... ఇంకా పైకి వెళ్లబోయి ఆగాడు.

ఇదంతా తిరుగుతూ ఉంటే, కుడి చెయ్యి తిరగలేదు.

రెబ్బలను పూత మధ్యలో పెట్టింది. మెల్లగా దులిపింది. ఆకు ఈనెతో చుట్టింది. ముడి వేసింది. తండ్రి నేర్పిన ముడి. కాయ లావయ్యే కొద్దీ తనంతట తనే సడలే ముడి.

జువైనా ఏదో అంటోంది. ఎడమవైపు నుంచి. వినపడలేదు. ఆవిడ కర్ర ఊనుకుని లేచి, చుట్టూ తిరిగి, కుడివైపుకు వచ్చింది.

"కట్టావా అంటున్నాను."

"కట్టాను."

ఆవిడ వేళ్లతో తడిమింది. పూత మీద, ఈనె మీద, ముడి మీద. అతని అరచేతి మీది నెత్తురు మీద.

"అయితే తీరింది" అంది. "తీరిందిరా. ఇప్పుడు మాఫీ కాదు. తీరింది."

కోపం దిగిపోతుందని ఎదురు చూశాడు.

దిగలేదు. ఆ కోపం కాస్త పక్కకు జరిగి, అతని పక్కనే కూర్చుంది.

"కదలకు. నా వంతు వచ్చింది, తూము తీసి వస్తాను" అంది జువైనా. ఆవిడ కర్ర చప్పుడు దూరమైంది.

సువైలిం కళ్లు మూసుకునే ఉన్నాడు. చెయ్యి మొద్దు మీదే ఉంది. మోకాళ్లు పొడి మట్టి మీద.

నీళ్ల చప్పుడు.

రాళ్ల మీద జారుతూ, మలుపు దగ్గర ఒకసారి గొంతు మార్చుకుని...

కళ్లు తెరవలేదు. మోకాలికి తడి తగిలితే అది కాలువ.

తగలకపోతే...

మళ్లీ జారుతూ, నీళ్ల చప్పుడు.