ఏటి పేరులో మొదటి అక్షరం

మైకు మీద వేలితో తట్టి, గొంతు సవరించుకుని, లాంచీ అవతలి ఒడ్డు వదలగానే అతను ప్రయాణికులకి రోజూ చెప్పే ఏటి పేరు పురాణం అందుకున్నాడు. పాపం కడిగేదని పండితులు చెప్పే అర్థం అయ్యాక, అసలు సరుకు బయటికి తీశాడు. మనం 'స' అనే చోట ఎగువ కొండలవాళ్ళు 'హ' అంటారు. సముద్రం దగ్గరివాళ్ళు ఆ 'హ'ను కూడా మింగేస్తారు.

"ఎగువవాళ్ళకి ముందుపళ్ళు లేవండీ. అందుకే మన తల్లి పేరు గాలికి పోయింది," అని పెదాలు లోపలికి మడిచి పలికి చూపించాడు. లాంచీ అంతా ఘొల్లుమంది. ఏళ్ళ తరబడి అతనికి కూడు పెడుతున్న హాస్యం అది.

వెనక బల్ల మీద ఒక్క ముఖం మాత్రం నవ్వలేదు. వదిన, అతని భార్యకు అక్క. చెల్లెలికి ఇక రోజులు దగ్గరపడ్డాయని కబురంది, కొండల నుంచి బస్సు దిగి లాంచీ ఎక్కింది. మిగతా కథ ఎలా ముగించాడో అతనికే తెలియదు.

రేవులో దిగాక సంచి అందుకోబోతే ఆమె ఇవ్వలేదు. ఇంటిదాకా అతను వెనకే నడిచాడు. పెళ్ళయిన కొత్తలో భార్య తన యాసలో ఏటి పేరు అంటే ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది అతనే. ఆ తర్వాత ఆమె నోట ఆ పేరు రాలేదు. బట్టలుతకడానికి పోయినా, దణ్ణం పెట్టుకున్నా వట్టి 'ఏరు' అనేది. మన పలుకుకి నోరు తిరగక కాబోలు అనుకుని ఊరుకున్నాడు.

ఎముకల గూడులా పడుకున్న భార్య, అక్కను చూసి కళ్ళు తెరిచింది. అతను గుమ్మం దాటలేకపోయాడు. కాసేపటికి లోపలినుంచి ఆ పేరు వినిపించింది, 'హ'తో, తడబాటు లేకుండా. ఏటి నీళ్ళు అడుగుతోందనుకుని పరుగున వెళ్ళి గ్లాసు నిండా పట్టుకొచ్చాడు.

"నీళ్ళు కాదు మరిదీ," అంది వదిన తల తిప్పకుండానే. "నన్ను పిలుస్తోంది. మా మాటలో దానికి అక్క అని అర్థం. ఏటిని మావాళ్ళు అట్లాగే పిలుచుకున్నారు."

గ్లాసు కిటికీలో పెట్టి, మంచం పక్కన చతికిలబడ్డాడు. తల ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆ పేరు నన్నూ ఒక్కసారి అననీవే అని అడిగాడు. భార్య అతనివైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"వద్దులెండి. మీ నోట అది నవ్వులాటే."

సాయంత్రం లాంచీ కూత వినిపించే వేళకి అక్క ఒళ్ళో ఆమె ఊపిరి ఆగింది. ఎవరూ గట్టిగా ఏడవలేదు. వదిన దుప్పటి సర్ది, ఇరుగుపొరుగుకి చెప్పడానికి బయటికి వెళ్ళింది.

కిటికీలో ఎవరూ ముట్టని గ్లాసు, అంచుదాకా నిండుగా.