మూల రచయిత షెన్ మూ లిన్

షెన్ మూ లిన్ అనే చీనా రచయిత ఎక్కడా లేడు. ఎన్నడూ లేడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కాటా గదిలో కూర్చొని నేనే అతణ్ణి పుట్టించాను. డెబ్బై రెండేళ్ళు వచ్చాక ఈ మాట ఒకడి ముందు చెప్పి, నమ్మమని బతిమాలుకోవాల్సి వస్తుందని తెలిస్తే పుట్టించేవాణ్ణే కాదు.

ఫ్యాక్టరీలో నా పని చెరకు బండ్లు తూయించడం. సీజన్‌లో బండ్లు రోడ్డు దాకా బారులు తీరేవి. సీజన్ ముగిస్తే ఈగలు తోలుకోవడమే. ఆ ఖాళీలో పాత తూకం చీటీల వెనక ఒక కత్తియుద్ధాల నవల రాశాను. టాకీసులో చూసిన చీనా సినిమాల పిచ్చి అది. దాన్ని పట్టుకొని నిజామాబాద్‌లో ప్రెస్సు నడిపే లింగం దగ్గరికి పోయాను. అతను నాలుగు కాగితాలు చదివి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"రాత మస్తుగున్నది ఆత్మారాం. గని బోధన్ కాటా గుమాస్తా కత్తియుద్ధం రాసిండంటే ఎవడు సదువుతడయ్యా? చీనావోడు రాసిండంటే ఎగవడి సదువుతరు. నువ్వు తెలుగు చేసినవని కింద నీ పేరు ఏస్త."

అప్పుడు నాకిది మోసమనిపించలేదు. తెలివి అనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆబ అంత పనీ చేయిస్తుంది. అట్ట మీద బెత్తెడు అక్షరాలతో షెన్ మూ లిన్. కింద, కళ్ళు చిట్లించుకుంటే తప్ప కనపడనంత సన్నగా, 'అనువాదం: ఆత్మారాం'. వెనక అట్టకు ఫొటో కావాలంటే లింగం హైదరాబాద్‌లో పళ్ళు కట్టే చీనా డాక్టరు ఫొటో ఒకటి ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు. ఆ డాక్టరుకు ఈ సంగతి చచ్చేదాకా తెలిసి ఉండదు.

అలా పదిహేడు నవలలు రాశాను. ఒక్కో నవల వెనక అట్ట మీద షెన్ జీవితం రెండు మూడు లైన్లు పెరిగేది. కొండపల్లెలో పుట్టుక. పన్నెండో ఏట మఠంలో కత్తిసాము. ఓడలో వంటవాడిగా హాంకాంగ్‌కు ప్రయాణం. అక్కడ పత్రికల్లో సీరియళ్ళు, జనం నీరాజనాలు. మధ్యలో ఒక ఏడు నేను సినిమా కథ సంకలో పెట్టుకొని హైదరాబాద్ పోయాను. స్టూడియో గేటు ముందు పదకొండు రోజులు నిలబడితే వాచ్‌మన్ తప్ప ఎవరూ పలకరించలేదు. తిరిగొచ్చిన వారమే షెన్‌ని దర్శకుణ్ణి చేశాను. సొంత కంపెనీ పెట్టించాను. మొదటి సినిమా స్టూడియోతో సహా కాలిపోతే, ఆ బూడిదలోనే నిలబడి రెండోది తీశాడు మహానుభావుడు. నాకు దక్కనివన్నీ వాడికి పెట్టాను. నా కడుపుమంట తిని వాడు బలిశాడు.

టీవీలు వచ్చి అద్దె పుస్తకాల షాపులు ఒక్కొక్కటే మూతపడుతుంటే నాకూ విసుగొచ్చింది. ఆఖరి నవలకు ముందుమాటగా వాడి మరణవార్త రాశాను. బోధన్ పాఠకులు సంతాప సభ పెట్టారు. అనువాదకుణ్ణి కనక ఫొటోకు దండ నాచేతే వేయించారు. అప్పుడే నోరు విప్పాల్సింది. అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే సిగ్గేసి ఊరుకున్నాను.

పోయిన నెల సురేందర్ వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి, సొంతూరు నిజామాబాద్, హైదరాబాద్‌లో ఒక సినిమా కంపెనీలో ఉద్యోగం. వస్తూనే కాళ్ళకు మొక్కాడు.

"షెన్ నవలలు సదువుకుంటనే పెరిగిన సార్. ఆయన 'మూడు దెబ్బల కత్తి' నవలను సీరీస్ తీస్తున్నం. మాటలు మీ తెలుగువే వాడుకుంటం. మీదొక్క సంతకం గావాలె."

కాగితం ముందు పెట్టాడు. మూల రచయిత, షెన్ మూ లిన్. అనువాదకుడు, ఆత్మారాం. ఇదివరకు మూసుకున్న నోరు ఇక మూసుకోలేకపోయాను. తెర మీద ఒక్కసారి, ఒక్క క్షణం, 'రచన: ఆత్మారాం' అని పడితే చాలనిపించింది. అంతా చెప్పేశాను. లింగం సలహా, పళ్ళ డాక్టరు ఫొటో, అన్నీ.

సురేందర్ ముందు నవ్వాడు. తర్వాత ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు.

"ఆయన వారసుల కోసం హాంకాంగ్‌కు గూడ రాసినం సార్. ఎవ్వలు దొరకలే."

"ఉంటే గదా దొరకడానికి?"

"గట్లయితే ప్రూఫ్ ఏదన్న సూపియ్యిండ్రి. రేపే పేరు మార్పిస్త. నేనే కొట్లాడుత."

వాడి మనసులో కల్మషం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ప్రూఫ్ ఎక్కడినుంచి తేను? లింగం ప్రెస్సులో రాతప్రతిని నలుగురు కంపోజిటర్లు చింపి పంచుకునేవారు. ఎవరి ముక్కకు వాళ్ళు అక్షరాలు పేర్చుకొని, చేతుల సిరా ఆ కాగితాలకే తుడుచుకొని, చాయ్ పొయ్యిలో వేసేవారు. నకలు రాసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. లింగమూ పోయాడు. బతికి ఉన్నా లాభం లేదు, చీనా నుంచి ఉత్తరాలొస్తున్నాయని ఊరంతా చెప్పింది అతనే.

"పద," అని సురేందర్ కారెక్కాను.

ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తగ్గిపోయింది. చందూర్ దగ్గర ఇంకా కొన్ని చేన్లున్నాయి. నాందేడ్ వైపు నుంచి వచ్చిన కూలీలు కొడుతున్నారు. ఒకతని దగ్గర కత్తి అడిగి తీసుకున్నాను. వంగి, ఎడమచేత్తో గడ పట్టి, మొదటి దెబ్బ నేలకు ఆనించి వేశాను. గడను తిప్పుతూ కత్తి వెనక వైపుతో ఆకు దులిపాను. మూడో దెబ్బకు కొస ఎగిరి వెనక పడింది. తల ఎత్తకుండానే మూడూ అయిపోవాలి.

"ఆజోబా, పాయ్ సాంభాళా," కాలు జాగ్రత్త అని ఆ కూలీ మరాఠీలో అరిచాడు.

"నవలల ఉన్న మూడు దెబ్బల కత్తి ఇదే," అన్నాను ఆయాసపడుతూ. "కాళ్ళ మీద, నడుం మీద, మెడ మీద. మఠం లేదు, గురువు లేడు. వీళ్ళను చూసి రాసిన."

సురేందర్ కళ్ళు మెరిశాయి. ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

"సార్, గిది మామూలు అనువాదం గాదు. చీనా కత్తిని తెచ్చి మన చెరకు చేన్ల నిలవెట్టిండ్రు. షెన్ సాబ్ బతికుంటే మీ కాళ్ళు మొక్కుతుండె."

కత్తి వాడి కాళ్ళ ముందు పడేద్దామన్నంత కోపం వచ్చింది. నడుం పట్టేసి, దాన్ని ఆ కూలీకే తిరిగిచ్చాను.

ఇంటికొచ్చేసరికి నా భార్య రాధాబాయి చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. పింఛను వస్తోంది, ఇక మానెయ్యమంటే వినదు. చేతులు ఊరుకోవంటుంది. ఆమెను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఈమెను అడుగు," అన్నాను. "నలభై ఆరేళ్ళ నుంచి ఒకటే ఇంట్ల ఉన్నం. ఇంతకన్న పెద్ద సాక్షి ఎవలున్నరు?"

సురేందర్ ఆమె ముందు గొంతుక్కూర్చొని మర్యాదగా అడిగాడు. "అమ్మా, ఈ నవలలు సారే రాసిండ్రా?"

"రాస్తుండె బిడ్డా. పొద్దుమాపు రాస్తుండె. అన్నం సల్లారిపోయినా లేవకపోతుండె."

"ఏదన్న పుస్తకం ముంగట పెట్టుకొని సూసి రాస్తుండెనా, సొంతంగ రాస్తుండెనా?"

"నాకేమెరుక? నాకు సదువు రాదు. ఎన్నడు సదివి వినిపియ్యలే."

నిజమే. ఆమెకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. పదిహేడు నవలల్లో ఒక్క పేజీ కూడా ఆ చెవిన వేయలేదు.

సురేందర్ సంచిలోంచి పాత పుస్తకం తీశాడు. "ఇప్పుడు సదవుండ్రి సార్. మీ మాటనో కాదో అమ్మ గుర్తువడ్తది గదా."

ఏ పేజీ చదవాలో వెతుక్కోనక్కర్లేదు. ఎనిమిదేళ్ళ యుద్ధం తర్వాత వీరుడు ఇల్లు చేరతాడు. భార్య కొండల్లో తేయాకు కోసి పిల్లల్ని సాకి ఉంటుంది. అతను గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఆమె చేతులు కడుగుతాడు. 'ఈ నలుపు పోదు. పోనివ్వను కూడా. ఈ నలుపు తినే నేను బతికాను. నా కత్తికి వచ్చిన పేరంతా ఈ గోళ్ళది' అంటాడు. తంబాకు పట్టిన రాధాబాయి గోళ్ళను చూస్తూ, ఇదే గదిలో, ఆమెకు నాలుగడుగుల దూరంలో కూర్చొని రాశాను ఆ పేజీ. ఆఖరి మాట దాకా చదివాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గెలిచాననుకున్నాను.

"ఎంత మంచిగ రాసిండు," అంది. "గని గిది గీయన రాసింది మాత్రం గాదు బిడ్డా. గిసొంటి మాట గీయన నోట్లకెల్లి నలభై ఆరేండ్లల్ల ఒక్కపారి రాలే. ఎవలో మనసున్నోడు రాసిండు."

మళ్ళీ బీడీ ఆకు చేతిలోకి తీసుకుంది. సురేందర్ నా మొహంలోకి చూడలేక, కాగితం మీద అనువాదకుడు అన్న చోటు వేలితో చూపించాడు. కలం తీసుకొని అక్కడే సంతకం పెట్టాను.