గాడీకో సాంచో

హనుమండ్లు సాంచాలు అమ్మిన రోజు తుక్కువాళ్లు సమ్మెటలు తెచ్చారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. అతనికి నాలుగుండేవి. ఆర్డర్లు ఆగిపోయి, కార్ఖానా షట్టరు ఎత్తడమే మానేశాక తూకానికి అమ్మాడు. విప్పి తీసుకుపోతారనుకున్నాడు. వాళ్లు పగలగొట్టి తీసుకుపోయారు. ముక్కలైతే లారీలో ఎక్కువ పడుతుందన్నారు.

వచ్చిన దానికి భార్య బాలలక్ష్మి బీడీలు చుట్టి దాచింది కలిపి ఒక బండి కొన్నాడు. ఏడుగురు కూర్చోవచ్చు. కార్ఖానా నుంచి అతను ఇంటికి తెచ్చుకున్నవి షట్టరుకు వేసే ఇనుప గొలుసు, ఒక నాడె. నాడె అంటే సాంచలో అటూ ఇటూ ఉరుకుతూ పోగును మోసే కొయ్య. పని ముగిశాక నాడెలన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం అతని అలవాటు. వాళ్ల బాపు కూడా అట్లనే చేసేవాడు. నాడె లేకపోతే సాంచ ఉత్త ఇనుము. ఎవడొచ్చి తాళం పగలగొట్టినా దాని మీద గజం బట్ట నేయలేడు.

బండి కొన్నాక ఆ అలవాటు బండికి వచ్చింది. ఎక్కడ ఆపినా బానెట్ ఎత్తి, ఫ్యూజుల డబ్బాలోంచి రిలే ఒకటి పీకి అంగీ జేబులో వేసుకునేవాడు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. అది లేకపోతే ఇంజనుకు డీజిల్ అందదు. కిరాయి బండ్ల అడ్డా మీద వాళ్లు దాన్ని హనుమండ్లు నాడె అనేవారు.

ఆ ఏడు దసరా పోయాక కరీంనగర్ నుంచి విద్యాసాగర్‌రావు ఫోన్ చేశాడు. రైసు మిల్లు కొడుక్కి అప్పగించి ఇంట్లో ఉంటున్న మనిషి. వేములవాడకైనా ధర్మపురికైనా హనుమండ్లు బండే మాట్లాడుకునేవాడు. భార్య ప్రమోదినికి గుండె ఆపరేషన్ అయింది. నేపాల్‌లో ముక్తినాథ్ దర్శనం చేసుకుంటానని ఆమె మొక్కుకుంది. విమానం ఎక్కనంటుంది. తెలిసిన బండి, తెలిసిన డ్రైవరు అయితేనే వస్తానంది.

అడ్డా మీద ఆ మాట చెప్పగానే రాయమల్లు ఆటో దిగి వచ్చాడు. ఒకప్పుడు లారీ నడిపినవాడు. దేశంలో తనకు తెలియని రోడ్డు లేదంటాడు.

"నేపాలా? బండేసుకొనా?"

"సార్ కాయితాలన్నీ జూసుకుంటడట అన్నా. బార్డర్ల పర్మిట్ రాసిస్తరట."

"కాయితాలు సరే. ఆడ బండి పోతే ఏ పోలీసోనికి చెప్తవ్? ఏ భాషల చెప్తవ్? నీ ఇన్సూరెన్స్ కాయితం ఆడ మిర్చి బజ్జీలు కట్టనీకి పనికొస్తది."

"గంతేనా?"

"గంతే. ఇను మరి. గోడకు మూతి పెట్టి ఆపు. స్టీరింగుకు రాడ్ ఎయ్యి. గేరుకు తాళమెయ్యి. నీ గొలుసున్నది గద, దేనికన్న కట్టు. చాబీ మాత్రం ఎవ్వనికియ్యకు. దేవుడే వచ్చి అడిగినా, సామీ, జర నడిచి పో అను."

పక్కవాళ్లు నవ్వారు. హనుమండ్లు నవ్వలేదు. అదే సాయంత్రం పోయి రాడ్డు, గేరు తాళం కొన్నాడు.

బయలుదేరేటప్పుడు బాలలక్ష్మి చాటలో తునికాకు కత్తిరిస్తూ తల ఎత్తకుండా అంది: "పైలం. గీసారి అమ్మనీకి సాంచాలు సుత లేవు."

జగిత్యాల, నిర్మల్ దాటి, ఆదిలాబాద్ దగ్గర రోడ్డు పక్క హోటల్లో అన్నానికి ఆగారు. హోటలు ఓంప్రకాశ్‌ది. హనుమండ్లు రాడ్ వేశాడు, గేరుకు తాళం వేశాడు, రిలే పీకాడు, వెనక గొలుసును కరెంటు స్తంభానికి చుట్టి తాళం పెట్టాడు. ఓంప్రకాశ్ గల్లా దగ్గర నుంచి ఇదంతా చూశాడు.

"అరే భావూ, ఎద్దా గిది? మేత సుత ఎయ్యాల్నా?"

విద్యాసాగర్‌రావు పెద్దగా నవ్వాడు. అన్నం వడ్డించాక సోయా లారీ ఒకటి లోపలికి తిరగబోయి, బండి అడ్డమై హారన్ కొట్టింది.

"చాబీ ఇయ్యి భావూ, మావోడు పక్కకు తీస్తడు. నువ్వు తిను," అన్నాడు ఓంప్రకాశ్.

"వద్దు. నేనే తీస్త."

కలిపిన ముద్ద విస్తట్లో వదిలి, చెయ్యి కడుక్కుని లేచాడు. గొలుసు విప్పాడు. రాడ్ తీశాడు. గేరు తాళం తీశాడు. బానెట్ ఎత్తాడు. లారీ డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

"నీ తాళాలన్నీ తీసేలోపు సోయాకు మొలకలొస్తయ్ రా నాయనా," అన్నాడు ఓంప్రకాశ్.

తిరిగి వచ్చి కూర్చుంటే ప్రమోదిని, "అన్నం సల్లారిపాయె గద హనుమండ్లూ," అంది.

"అన్నం మల్ల దొర్కుతదమ్మా."

నాగపూర్, జబల్పూర్, కాశీ. సరిహద్దులో పర్మిట్ రాయించుకుని దాటారు. అక్కడి నుంచి రోడ్డు కొండలెక్కింది. ముక్తినాథ్‌కు దిగువన, నది ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో లాడ్జిలో దిగారు. పై రోడ్డు సొంత బండికి పనికిరాదని, యాత్రికులందరూ బండ్లు అక్కడ పెట్టి ఆ ఊరి జీపుల్లో పోతారని చెప్పారు. హనుమండ్లు బండి దగ్గరే ఉంటానన్నాడు. ప్రమోదిని ఒప్పుకోలేదు.

"గింత దూరమొచ్చి సామి ముఖం సూడకుంట పోతవా? ఆ పాపం నాకెందుకు?"

బండ్లు పెట్టే జాగా లాడ్జి వెనక, నదికి ఆనుకుని ఉంది. ఇంకో నాలుగైదు బండ్లున్నాయి. గొలుసు కట్టడానికి స్తంభం ఏదీ లేదు. జాగా అంచున బర్రెల కొట్టం ఉంది. కర్ర గుంజల మీద రాతి పలకల కప్పు. మరునాడు పొద్దున జీపు ఎక్కే ముందు హనుమండ్లు మూలగుంజకు గొలుసు చుట్టి తాళం వేశాడు. లాగి చూశాడు. గుంజ కదలలేదు.

లాడ్జి యజమాని అంతకుముందే సంతకు పోయాడు. అతని తల్లి మెట్ల మీద కూర్చుని చాటలో గింజలు ఏరుతోంది. ఆమె వెనక చెక్క పలక మీద మేకులకు తాళంచెవులు వేలాడుతున్నాయి. గదులవి అనుకున్నాడు హనుమండ్లు. దాటిపోతుంటే ఆమె తల ఎత్తి అడిగింది:

"గాడీకో సాంచో?"

హనుమండ్లు ఆగిపోయాడు. అతనికి వచ్చింది సిరిసిల్ల హిందీ. అందులో గాడీకో అంటే బండికి. బండికి సాంచాలా? బండి కోసం సాంచాలు ఇచ్చినవా అని అడుగుతోంది. ముందు రోజు భోజనాల దగ్గర రావు సార్ తన సంగతి చెప్పి ఉంటాడనుకున్నాడు. సాంచాలు పోయాక, వాటి గురించి ఊళ్లో ఎవరూ ఇంత నెమ్మదిగా అడగలేదు. తుక్కు ఏ ధరకు పోయిందని మాత్రం అడిగారు.

"హా మా," అన్నాడు. "సాంచే బేచ్‌కే గాడీ లియా." అవునమ్మా, సాంచాలమ్మే బండి కొన్న.

ఆమె నది వైపు చూపింది. బండి వైపు చూపింది. మళ్లీ అంది, "సాంచో."

"నాలుగు," అని వేళ్లు చూపించాడు. "నాలుగూ అమ్మిన."

ఆమె ఆ వేళ్లను చూసింది. అతని ముఖం చూసింది. తల వంచి మళ్లీ గింజలు ఏరసాగింది. తన కోసం బాధపడుతోందనుకుని అతను రెండు చేతులూ జోడించాడు. రోడ్డు మీద జీపు హారన్ మోగింది. పోయి ఎక్కాడు.

దర్శనం బాగా జరిగింది. ప్రమోదిని గుడి వెనక ధారల కింద తల పట్టింది. విద్యాసాగర్‌రావు ఆమె చెయ్యి వదలలేదు. హనుమండ్లు బండి పేరు మీద అర్చన చేయించాడు. మధ్యాహ్నం వాన మొదలైంది. ఆ కాలంలో అక్కడ వాన పడదట. జీపు డ్రైవరు ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. ఆ రోజు పైనే ఉండిపోయారు.

మరునాడు పొద్దెక్కాక దిగివస్తుంటే ఊరికి పైన మలుపులో డ్రైవరు జీపు ఆపి కిందికి చూపించాడు.

బండ్లు పెట్టిన జాగా లేదు. నది అక్కడి నుంచే పోతోంది. మిగతా బండ్లన్నీ పైన రోడ్డు మీద వరసగా ఉన్నాయి. హనుమండ్లు బండి ఒక్కటే కింద, రెండు బండల మధ్య పక్కకు ఒరిగి ఉంది. సీట్ల దాకా బురద. వెనక గొలుసు బిగుసుకుని ఉంది. గొలుసు చివర గుంజ రాళ్లలో ఇరుక్కుని ఉంది. కొట్టం లేదు.

దగ్గరికి పోయాక జరిగింది తెలిసింది. తెల్లవారాక నీళ్లు పెరిగాయి. ముసలామె పలక మీది తాళంచెవులు పంచితే, ఊరివాళ్లు బండ్లను ఒక్కొక్కటిగా పైకి తీశారు. హనుమండ్లు బండికి తాళంచెవి లేదు. అద్దం పగలగొట్టారు. స్టీరింగుకు రాడ్, గేరుకు తాళం. తోశారు, కదలలేదు. గొలుసు కొట్టారు, తెగలేదు. నీళ్లు బండిని ఎత్తాయి, బండి గొలుసును లాగింది, గొలుసు గుంజను పీకింది. రాతి పలకలు కూలాయి. ముసలామె ఒక బర్రెను అప్పటికే బయటికి తోలింది. రెండోది కిందనే ఉండిపోయింది.

లాడ్జి యజమాని పలకలు తీస్తున్నాడు. కొన్నేళ్లు ఇండియాలో వాచ్‌మన్‌గా చేసి వచ్చినవాడు. హిందీ బాగా వచ్చు.

"చాబీ ఎందుకియ్యలేదు?" అని అడిగాడు. "మా అమ్మ రెండుసార్లు అడిగిందట."

"చాబీ అడగలేదు. సాంచాల సంగతి అడిగింది."

"సాంచో అంటే చాబీ. గాడీకో సాంచో అంటే బండి చాబీ. నువ్వు నాలుగు వేళ్లు చూపించినవట. నాలుగు తాళాలేసిన, ఇయ్యను పో అన్నవనుకుంది."

హనుమండ్లు బండ మీద కూర్చున్నాడు. జేబులో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన రిలే బయటికి తీశాడు. బండిలో తడవని వస్తువు అదొక్కటే. దాన్ని చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

విద్యాసాగర్‌రావు తిరుగు ప్రయాణానికి బస్సు మాట్లాడాడు. "నువ్వు గూడ రా. బండి సంగతి తర్వాత సూద్దాం," అన్నాడు.

"బండి లేకుంట ఊళ్లె ఎట్ల దిగుత సార్?"

ప్రమోదిని బస్సెక్కే ముందు ముసలామె దగ్గరికి పోయి, కాసేపు పక్కన కూర్చుని వచ్చింది. తనే అతన్ని పైకి రమ్మన్నానన్న మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అందరికీ తెలుసు.

హనుమండ్లు ఇంటికి ఫోన్ చేశాడు.

"బండున్నదా?" అంది బాలలక్ష్మి.

"ఉన్నది. గొలుసు పట్టుకున్నది."

"బతికిచ్చిండు దేవుడు."

"గొలుసు వాళ్ల కొట్టాన్ని సుత పట్టుకున్నది. బర్రె సచ్చిపోయింది."

అటునుంచి తునికాకు కత్తిరిస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాడు.

"ఇంటున్నవా?" అంది. "వాళ్లది కట్టినంకనే రా. ఉత్తగ రాకు."

మెకానిక్కు ఇంజను విప్పి బురద కడుగుతుంటే, హనుమండ్లు యజమానితో కలిసి గుంజలు పాతాడు. ఒకరు పలక ఎత్తితే ఒకరు అందుకున్నారు. రావు సార్ ఇచ్చిన కిరాయి చచ్చిన బర్రె ఖరీదు కింద పోయింది. సాయంత్రాలు యజమాని తన తల్లికి సిరిసిల్ల సాంచాల గురించి చెప్పబోయి, మాట దొరకక ఆగేవాడు. హనుమండ్లు చేతులు అటూ ఇటూ ఆడించి, నోటితో ఆ చప్పుడు చేసి చూపించేవాడు. ఆమె నవ్వేది కాదు. శ్రద్ధగా చూసేది. ఒకరోజు కొడుకుతో ఏదో అంది.

"వాటిని ఎవరన్న ఎత్తుకుపోయిన్రా అని అడుగుతోంది," అన్నాడు అతను.

"లేదు," అన్నాడు హనుమండ్లు. "ఎవ్వరూ ఎత్తుకుపోలే. అంత గట్టిగ కాపాడుకున్న."

ఇంజను మళ్లీ స్టార్టయిన రోజు బండిని అటూ ఇటూ నడిపి చూసి, సాయంత్రానికి పైన రోడ్డు మీద మిగతా బండ్ల వరసలో పెట్టాడు. మరునాడు ప్రయాణం. రాడ్డూ గేరు తాళమూ సీటు కింద పడేశాడు. గొలుసు మిగిలిన బర్రెకు కట్టేశారు. కొత్త గుంజకు చుట్టి ఉంది. ఓంప్రకాశ్ చూస్తే ఏమంటాడో అనుకున్నాడు.

ముసలామె మెట్ల మీద ఉంది. అతను దగ్గరికి రాగానే చెయ్యి చాపింది. "గాడీకో సాంచో."

హనుమండ్లు తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. "సాంచ," అన్నాడు. ఆమె లేచి దాన్ని పలక మీద మేకుకు తగిలించింది.

గదికి పోతూ అంగీ తడుముకున్నాడు. రిలే జేబులోనే ఉంది. ఎప్పుడు పీకాడో అతనికే గుర్తులేదు. బండి ఆపగానే చెయ్యి తన పని తాను చేసుకుంది.

మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఈ రాత్రి వాన పడదని అందరూ అన్నారు. ఎవరికీ బండి తీసే పని పడదు. ఆ తాళంచెవి అక్కడ వేలాడుతూనే ఉంటుంది. దానితో బండి కదలదన్న సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు.

వెనక్కి తిరిగి రోడ్డెక్కాడు. బానెట్ ఎత్తి, రిలేను దాని చోట పెట్టి, బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది. బానెట్ మూశాడు. మెట్లు ఎక్కేలోపు చెయ్యి రెండుసార్లు జేబులోకి పోయింది. జేబు ఖాళీగా ఉంది.