కొక్కెం కూర్చునే చోటు

నేను ఒక సీసపు ముక్కను. అక్షరాన్నని గొప్పలు పోవడానికి లేదు. ఇంగ్లీషు మాట మీద, రెండక్షరాల నడుమ ఈగ వాలినట్టు చిన్న తోకచుక్క కనిపిస్తుంది చూడండి, అదే నేను. చదువుకున్నవాళ్లు అపాస్ట్రఫీ అంటారు. చీరాలలో మా అచ్చాఫీసులో మాత్రం కొక్కెం అనేవారు.

మద్రాసులో సీసం కరిగించి మూసలో పోస్తే పుట్టాను. పొట్లంలో చీరాల చేరి, గళ్లగళ్లుగా ఉండే చెక్క కేసులో ఓ మూల గదిలో పడ్డాను. ఇంగ్లీషు కంపోజిటరు సుందరయ్య పందొమ్మిదేళ్లు నన్ను చూడకుండానే వేళ్లతో ఏరి పేర్చాడు. చివరికి ఆయన కళ్లకి కామా, నేను ఒకటే అయిపోయాం. చేతికర్ర పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ కేసు ముందుకి సువార్తమ్మ వచ్చింది. పన్నెండేళ్లుగా తెలుగు కంపోజింగు చేస్తున్న మనిషి. ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, ఇంగ్లీషు తెలియదు. తెలుగు పని పలచబడింది, ఒకరిని తీసెయ్యక తప్పదని యజమాని పేరయ్య అప్పటికే రెండుసార్లు అన్నాడు. ఆ ఒకరు ఎవరో ఆమెకి తెలుసు.

"ఇంగ్లీషు కేసు నాకివ్వండయ్యా," అని అడిగింది.

"ఒక్క ఫారం ఇస్తా. తప్పు పోయిందా, గుంటూరు నించి మనిషిని తెచ్చుకుంటా. నువ్వు ఇంటికే."

ఫారం అంటే మిషను మీద ఒక్కసారిగా అచ్చుకెక్కే పేజీల కట్టు. ఆ ఫారం శరభలింగం మాస్టారు రాసిన ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకంలోది. its, it's; your, you're; their, they're. పిల్లలు కలగాపులగం చేసే మాటలన్నీ ఒక్క పాఠంలో కూర్చాడు. ఆయన చేతిరాతలో మేం ఎక్కడ పడితే అక్కడ వాలి ఉన్నాం. సువార్తమ్మ కాగితం పట్టుకుని ఆయన ఇంటికే పోయింది. నేను ఆమె చీర కొంగు ముడిలో ఉన్నాను, నమూనాకి.

"మాస్టారూ, ఈ కొక్కెం ఏ మాటకి పెట్టాలో, ఏ మాటకి మానాలో ఎట్టా తెలుస్తదండీ?"

"it is అనే రెండు మాటల్ని ఒకటిగా నొక్కితే మధ్యలో ఒక అక్షరం ఊడుతుందమ్మా. ఊడినచోట ఇది కూర్చుంటుంది."

"బస్సులో సీటు మీద తువ్వాలేసినట్టా?"

మాస్టారు పడీపడీ నవ్వాడు. "అంతే! తెలుగులో 'అది' అని వస్తే తువ్వాలు వెయ్యి. 'దాని' అని వస్తే ఏదీ ఊడలేదు, వెయ్యకు. 'నువ్వు' అయితే వెయ్యి, 'నీ' అయితే వద్దు. 'వాళ్లు' అయితే వెయ్యి, 'వాళ్ల' అయితే వద్దు."

"మరి రాముడి పుస్తకం అన్నప్పుడు పెడతారంటగా?"

"పేర్లకి పెడతాం. ఈ మూడూ పేర్లు కావుగా. సొంతం సంగతి వాటిలోనే ఉంది, కొక్కెంతో పనిలేదు."

ఆయన ఒక్కో వాక్యానికి తెలుగు చెబుతుంటే ఆమె దాని పక్కన పెన్సిలుతో అది, దాని, నువ్వు, నీ అని రాసుకుంది. నన్ను తెచ్చి ఒక వరసలో నిలబెట్టింది. ఆ వరస ఇది: It's our buffalo. Its calf is white. మొదటి వాక్యం మొదటి మాటలో నేనున్నాను. రెండో వాక్యంలో Its కి నా అవసరం లేదు. మాస్టారు ప్రూఫు చదివి సంతకం పెట్టాడు. ఇక ఆ ఫారంలో ఏ అక్షరం కదిలినా కంపోజిటరే చూసుకోవాలి, ఇంకెవరూ వేలు పెట్టకూడదు. మా ఆఫీసు కట్టుబాటు అది.

మర్నాడు పొద్దున్నే అచ్చు మిషను నడిపే గంగులు పెడల్ తొక్కడం మొదలుపెట్టాడు. మూడో వంద మధ్యలో నా వరస వదులైంది. సిరా రోలరు జిగటగా వచ్చి నన్ను పైకి పీకింది. కాగితం మీద అడ్డంగా పడ్డాను, కాగితాన్ని అచ్చుకి అదిమే ఇనప పళ్లెం వచ్చి నా ఒంటిమీద అదిమింది. గంగులు మిషను ఆపాడు. సువార్తమ్మ పది అడుగుల దూరంలోనే ఉంది. ఒకసారి అటు చూశాడు, పిలవలేదు. నన్ను చిన్న పట్టకారుతో తీసి, వరసలో ముక్కల్ని పక్కకి జరిపి, తోచినచోట దూర్చాడు. calf ముందున్న Its లో! అక్కడ నాకేం పని? అరుద్దామంటే సీసానికి గొంతేది? పెడల్ మళ్లీ ఆడింది. ప్రతి కాగితం మీదా తప్పుని నేనే అచ్చేస్తూ పోయాను.

పదకొండింటికి మాస్టారు వచ్చి పైనున్న కాగితం తీశాడు. ఆయన మొహం జేవురించింది.

"తేడా చెప్పే పాఠంలోనే తప్పా పేరయ్యగారూ! పిల్లలకి ఏం మొహం చూపించను?"

పేరయ్య సువార్తమ్మ వైపు తిరిగాడు. "చెప్పానా లేదా?"

ఆమె ప్రూఫు తెచ్చి చూపించింది.

"ప్రూఫులో బాగుంటే? ఫారం ముట్టుకునేది కంపోజిటరేగా. తర్వాత నువ్వే కెలికావు."

ఏ కట్టుబాటు ఆమెని కాపాడాలో అదే మెడకి చుట్టుకుంది. గంగులు నేల చూపులు చూస్తున్నాడు. సువార్తమ్మ అచ్చయిన కాగితాల దొంతి వైపు చెయ్యి చూపించింది.

"అయ్యా, దొంతి తిరగెయ్యండి. అడుగు నించి చూడండి."

పేరయ్య విసుక్కుంటూనే తిరగేశాడు. మొదటి వంద బాగుంది. రెండోదీ బాగుంది. మూడో వందలో ఒక కాగితం మీద నల్లటి చార, నా ఒళ్లంతా పడిన అచ్చు. దాని పైనుంచి అన్నీ తప్పులే.

"లేచిన ముక్క దానంతటది నడిచిపోయి పక్కమాటలో కూకోదు గదండీ," అంది. ఎవరి పేరూ ఎత్తలేదు.

గంగులు తలగుడ్డ విప్పి చేతులు తుడుచుకున్నాడు, సిరా లేని వేళ్లు కూడా.

"నేనే పెట్టానండీ. ఆడమనిషిని పిలిచి అడగాలా అని... నామోషీ అనిపించింది."

పేరయ్య తప్పు కాగితాలన్నీ దొంతిలోంచి లాగి పక్కన పడేశాడు. "చెడినయ్యన్నీ మళ్లీ తొక్కు," అన్నాడు గంగులుతో. సువార్తమ్మతో, "వరస బిగించు," అని ఊరుకున్నాడు. పొమ్మనలేదు.

ఆమె నన్ను పైకి తీసి వెలుతురుకి పట్టింది. పళ్లెం అదుముడికి నా తోక విరిగింది. విరిగిన అక్షరాల డబ్బాలో పడేసి, కేసులోంచి ఇంకో కొక్కేన్ని తీసి సరైన చోట నిలబెట్టింది. నాకు బాధ లేదు. కరిగించి మళ్లీ పోస్తారు, ఈసారి ఏమవుతానో.

సాయంత్రం మిషను చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. డబ్బాలోంచి నాకు కనబడదు, వినబడుతుంది.

"సువార్తమ్మక్కా," అన్నాడు గంగులు, "ఏదో లేచినట్టుంది. నేను ముట్టుకోలా. ఒకసారి రా."