తెగిన దారం

పళ్ళు తోముకోకముందే అతను స్నానాలగది కిటికీ దగ్గర వంగి చూశాడు. కిటికీ ఊచకూ ఆర్కిడ్ కుండీ అంచుకూ మధ్య, ఎవరైనా కుండీ కదిపితే తెలియాలని నిన్న తాను కట్టిన తెల్లదారం తెగకుండానే ఉంది. అయినా కుండీలో వేలు పెడితే బెరడు ముక్కలు తడిగా తగిలాయి. తాను నీళ్ళు పోసి ఆరు రోజులైంది.

“అక్కా, మళ్ళీ నీళ్ళు పోశావా?”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. “నేనెందుకు పోస్తానురా? దాని జోలికే పోలేదు.”

“మరి దయ్యం పోసిందా?”

గిన్నెలు మళ్ళీ మోగాయి, ఈసారి కాస్త గట్టిగా.

చొక్కాల ఫ్యాక్టరీలో అతన్ని భూతద్దం అంటారు. గాజుబల్ల కింద దీపం వెలిగించి, కుట్టు పూర్తయిన చొక్కాలు పరిచి తప్పులు పట్టడం ఇరవై ఆరేళ్ళుగా అతని పని. తప్పిన కుట్టు, వంకర బొత్తం, ఒక పక్కకు లాగిన కాలరు. ఆ చూపు అతనితోపాటు ఇంటికీ వచ్చేది. పక్కింటాయన నవ్వులో, అక్క ఫోన్లో గొంతు తగ్గించడంలో ఎక్కడో ఒక కుట్టు తప్పినట్టే ఉండేది. పెళ్ళిసంబంధాలు రెండు అలాగే పోయాయి. మూడోది ఎవరూ తేలేదు. భర్త పోయాక వచ్చిన అక్క పదకొండేళ్ళుగా వండిపెడుతోంది.

ఆ మొక్క కాజాలు కుట్టే ఆవిడ రిటైరవుతూ ఇచ్చింది. “మీరైతే రోజూ చూస్తారు” అంది. ఎందుకిచ్చిందా అని అతను వారం ఆలోచించాడు. తెలియక తోటమట్టిలో నాటితే వేళ్ళు నల్లబడి మెత్తబడ్డాయి. కుళ్ళినవి కత్తిరించి, బెరడు ముక్కలూ బొగ్గూ నింపి బతికించుకున్నాడు. తప్పు పట్టడమే గాని దిద్దడం ఎరగని మనిషి, తొలిసారి ఒకదాన్ని నిలబెట్టాడు. ఇప్పుడేమో రెండాకులు పసుపెక్కాయి. పైగా వాడిన పూకాడ మీద పచ్చటి బుడిపె.

ఆ రోజు భోజన విరామంలో తినడం మానేసి నర్సరీకి వెళ్ళి ఫోటో చూపించాడు. “పురుగా?”

నర్సరీ ఆయన నవ్వాడు. “పిల్లండీ. కాడ మీదే పిల్ల పెట్టింది. దానికి వేళ్ళు వచ్చి, వేలెడు పొడవయ్యేదాకా విడదీయకండి. తర్వాత కాస్త కాడతో సహా కోసి వేరే కుండీలో పెట్టుకోండి.”

“బాగుంటే పెడుతుందా, జబ్బు చేస్తే పెడుతుందా?”

“రెండూనూ. ఇక బతకనేమో అనిపించినా పెడతాయి కొన్ని. తడి ఎక్కువవుతోందేమో చూసుకోండి.”

కుండీ అంటగట్టడానికే చెబుతున్నాడేమో అనుకుంటూనే చిన్నది ఒకటి కొన్నాడు. ఆ మధ్యాహ్నం ఒక వంకర బొత్తాన్ని అతను వదిలేస్తే పక్కబల్ల మనిషి ఎత్తి చూపించి నవ్వాడు.

దారిలో అక్కతో అనాల్సిన మాట కూడా కూర్చుకున్నాడు: ‘అక్కా, మనింట్లో పిల్ల పుట్టింది.’ చెప్పులు విప్పకుండానే కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

దారం తెగి ఉంది. కుండీ జానెడు పక్కకు జరిగింది.

“ఇవాళ ముట్టుకున్నాను.” అక్క గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటోంది. “ఎందుకో అడుగు.”

“అడిగేదేముంది? ఇన్నాళ్ళూ నేనన్నదే నిజమైంది.”

అడుగుతాడేమోనని ఆమె కాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకుంది. హాస్టల్ నడిపే చిన్ననాటి స్నేహితురాలు తోడుగా వచ్చి ఉండమని ఏడాదిగా ఫోన్ చేస్తోంది. తమ్ముడు ఒంటరివాడైపోతాడని ఆమే వాయిదా వేస్తూ వచ్చింది.

వీధి గుమ్మం దగ్గర అతని చూపు ఆమె సంచి మీద పడింది. ఆమె సంచి కింద పెట్టి జిప్పు లాగింది.

“చూసుకో తమ్ముడూ.”

నాలుగు జతల బట్టలు, మందుల డబ్బా, దువ్వెన. అతను చూశాడు. చూస్తున్నంతసేపూ ఆమె అతని మొహాన్నే చూసింది.

“గిన్నెలో కూర ఉంది. వేడి చేసుకో” అని మెట్లు దిగింది.

అతను కొత్త కుండీ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు. మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి తల పైకెత్తాడు. పైవాటా వాళ్ళ నీళ్ళ పైపు అతుకు దగ్గర, అక్క పాత దుప్పటి అంచు చింపి మూడు చుట్లు చుట్టి గట్టిగా ముడేసిన గుడ్డపీలిక, దాని కొసన నిదానంగా లావెక్కుతున్న మరో చుక్క.